లైఫ్‌గార్డ్ సర్టిఫికెట్ గోడకి ఉంటే చాలదు: అపార్ట్‌మెంట్ పూల్‌లో మనమే పెట్టుకోగలిగే పరీక్ష

ఏప్రిల్ వచ్చిందంటే హైదరాబాద్‌లో ప్రతి గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల, పూల్ ఎప్పుడు తెరుస్తారు, గెస్టుల్ని తీసుకురావచ్చా, నీళ్లు మార్చారా లేదా, లేడీస్ టైమింగ్ ఎందుకు తగ్గించారు అని. లైఫ్‌గార్డ్ ఎవరు, అతనికి ఏం వచ్చు అని అడిగినవాళ్లని మూడేళ్లలో ఇద్దర్నే చూశా, అందులో ఒకావిడ పిల్లల డాక్టర్. మాది తెల్లాపూర్ వైపు నాలుగు టవర్ల కమ్యూనిటీ, అసోసియేషన్‌లో ఎవరూ ముట్టుకోని పూల్ కమిటీ నా నెత్తిన పడింది కాబట్టి ఇదంతా నేర్చుకోవాల్సి వచ్చింది, లేకపోతే నేనూ క్లోరిన్ వాసన గురించి కంప్లైంట్లు పెట్టుకుంటూ ఉండేవాణ్ని.

పోయిన మేలో ఒక ఆదివారం సాయంత్రం, పూల్‌లో నలభై మంది దాకా ఉన్నారు. మా లైఫ్‌గార్డ్ ఒక మూల మోకాళ్ల మీద కూర్చుని వాక్యూమ్ పైపు సరిచేస్తున్నాడు, ఎందుకంటే ఆ పొద్దున ఎవరో అడుగున మట్టి ఉందని గ్రూపులో ఫోటో పెట్టారు. ఆరేళ్ల పిల్లాడు గాలి ట్యూబ్‌లోంచి జారాడు. నాలుగడుగుల నీళ్లే. అరుపు లేదు, చేతులు కొట్టుకోవడం లేదు, తల వెనక్కి వాలి నోరు నీళ్లకి సమానంగా ఉంది, పక్కనే సొంత అన్న బంతి ఆడుకుంటున్నాడు. బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడ "ఏమయ్యా, ఆ పిల్లగాడు కదుల్తలేడు చూడు" అంటే ఇంకెవరో నాన్నగారు చెయ్యేసి లాగారు. దగ్గాడు, ఏడ్చాడు, ఒక రాత్రి ఆస్పత్రిలో పెట్టుకుని పంపించారు. అదృష్టం.

మర్నాడు లైఫ్‌గార్డ్‌ని కూర్చోబెట్టి అడిగా, ఆ లామినేషన్ చేసిన సర్టిఫికెట్ ఎక్కడ చేశావు తమ్ముడూ అని. "ఆధార్, ఫోటో ఏజెన్సీ ఆఫీసుల ఇచ్చిన సార్, వారం తర్వాత ఇచ్చిండ్రు" అన్నాడు. ఈత బ్రహ్మాండంగా వచ్చు, భద్రాచలం దగ్గర ఊరు, గోదాట్లో పెరిగినవాడు. కానీ ఈత రావడం వేరు, మునుగుతున్న మనిషిని గుర్తుపట్టి బయటికి తెచ్చి ఊపిరి పోయడం వేరు. ఆ రెండో పని అతనికి ఎవరూ నేర్పలేదు, నేర్పకుండా జీతానికి పెట్టుకున్నది మేమే. తిట్టాల్సి వస్తే ముందు మమ్మల్ని తిట్టాలి.

ఆ తర్వాత మేము చేసింది మీ కమ్యూనిటీలోనూ చేసుకోవచ్చు, పెద్ద ఖర్చు లేదు, కాస్త మొండితనం కావాలి.

ముందు ఆ కాగితం చదవండి

సర్టిఫికెట్ చేతికి తీసుకుని నాలుగు విషయాలు చూడండి: ఎవరు ఇచ్చారు, ఏ తేదీన, ఎన్ని గంటల ట్రైనింగ్, నీళ్లలో దించి పరీక్ష పెట్టారా. చివరిది రాసి లేకపోతే ఆ కాగితం విలువ అక్కడే తెలిసిపోతుంది. మన దేశంలో కేంద్ర పర్యాటక శాఖ కింద గోవాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ ఉంది, లైఫ్ సేవింగ్ కోర్సులు చెప్తారు. పుణేలో రాష్ట్రీయ లైఫ్ సేవింగ్ సొసైటీ ఉంది. ఇలాంటి చోట చేసినవాళ్లు దొరికితే మంచిది, దొరక్కపోతే మీ దగ్గరున్న కుర్రాణ్నే పంపించండి, మేము అదే చేశాం.

ఇక్కడ చాలామంది పొరబడేది ఇంకోటి ఉంది. "మా అతను ఎన్‌ఐఎస్ కోచ్ అండీ" అంటారు గొప్పగా. పటియాలాలోని ఎన్‌ఐఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్) డిప్లొమా మంచిదే, కానీ అది స్విమ్మింగ్ నేర్పే కోచ్‌కి ఇచ్చేది. కోచ్ చూపు తన బ్యాచ్‌లో ఉన్న ఎనిమిది మంది పిల్లల కాళ్ల మీద ఉంటుంది, లైఫ్‌గార్డ్ చూపు పూల్ మొత్తం మీద ఉండాలి. ఒకే మనిషితో ఒకే గంటలో రెండూ చేయించడం మన దగ్గర మామూలైపోయింది, దాన్ని ఆపండి.

తేదీ ఎందుకు చూడమన్నానంటే, అమెరికన్ రెడ్ క్రాస్ లైఫ్‌గార్డ్ సర్టిఫికెట్ అయినా బ్రిటన్‌లో రాయల్ లైఫ్ సేవింగ్ సొసైటీ ఇచ్చే పూల్ లైఫ్‌గార్డ్ అర్హత అయినా రెండేళ్లే చెల్లుతుంది, మళ్లీ పరీక్ష పాసవ్వాలి. మన గోడల మీద 2016 నాటివి కూడా వేలాడుతుంటాయి. రెండేళ్లు దాటితే చెల్లదు అని మీ కాంట్రాక్టులో రాసేసుకోండి, ఎవరి చట్టం కోసమూ ఎదురు చూడక్కర్లేదు.

తర్వాత నీళ్లలోకి దించండి

ఇంటర్వ్యూ కుర్చీలో కాదు, పూల్‌లో జరగాలి. రెడ్ క్రాస్ వాళ్లు ఏళ్ల తరబడి వాడిన ఒక పరీక్ష ఉంది, మేము దాన్నే పట్టుకున్నాం: చేతులు వాడకుండా కాళ్లతోనే రెండు నిమిషాలు తేలాలి, తర్వాత ఇరవై గజాలు ఈది, ఏడు నుంచి పదడుగుల లోతుకి మునిగి, నాలుగున్నర కేజీల బరువు అడుగు నుంచి తీసి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని వెల్లకిలా ఈదుతూ తిరిగొచ్చి, మెట్లు పట్టుకోకుండా గట్టెక్కాలి, మొదటి తేలడం కాక మిగతాదంతా ఒక నిమిషం నలభై సెకన్లలో. అపార్ట్‌మెంట్ పూల్స్‌లో ఎక్కువ శాతం నాలుగైదడుగులకి మించవు కాబట్టి ఈ పరీక్షకి డీప్ ఎండ్ ఉన్న పూల్ ఎక్కడైనా గంట అద్దెకి తీసుకోండి. బరువుకి ఐదు కేజీల డంబెల్ ప్లేటు చాలు, పాత టవల్ చుట్టి తాడుతో కట్టండి, లేకపోతే టైల్స్ పగిలి ఆ బిల్లు మీదే పడుతుంది (మాకు పడింది).

మా గోదావరి కుర్రాడు ఈత భాగం నవ్వుతూ చేశాడు. కానీ బరువు పట్టుకుని వెల్లకిలా రావడం మొదటిసారి రాలేదు, ఎందుకంటే చిన్నప్పటి నుంచి చేతులతోనే ఈదాడు, చేతులు ఖాళీగా లేకపోతే కాళ్లు ఏం చెయ్యాలో తెలియదు. మునుగుతున్న మనిషిని పట్టుకున్నప్పుడు సరిగ్గా అదే పరిస్థితి కదా. పది రోజులు పొద్దున ఆరింటికి కాళ్లు మాత్రమే ప్రాక్టీస్ చేశాడు, పదకొండో రోజు ఒక నిమిషం ముప్పై రెండు సెకన్లు.

మనిషిని బయటికి తీసే పరీక్ష కూడా పెట్టండి, అది బరువు తియ్యడం కన్నా కష్టం. మా కమిటీలో తొంభై కేజీల ట్రెజరర్ గారు ఉన్నారు, ఆయన నీళ్లలో కదలకుండా తేలితే గట్టు మీదకి లాగాలి. ఒక్కడే లాగలేకపోయాడు. అప్పుడే అర్థమైంది సెక్యూరిటీ గార్డులకి కూడా నేర్పాలని, ఇద్దరు చెరో చంకలో చెయ్యేసి, ఒకసారి కిందకి ముంచి, నీళ్లే పైకి తోసే ఊపులో ఎత్తాలి. ముఖం మాత్రం నీళ్లలోకి పోనివ్వకూడదు.

దూకడం ఆఖరి పని అని కూడా నేర్పాలి. గట్టుకి దగ్గరుంటే కర్ర అందించు, దూరమైతే రింగో ట్యూబో విసురు, అదీ కుదరకపోతేనే దూకు, దూకినా రెస్క్యూ ట్యూబ్ (నీళ్లలో తేలే పొడుగు ఫోమ్ ట్యూబ్) లేకుండా దూకొద్దు. భయంలో ఉన్న మనిషి దొరికినవాణ్ని పట్టుకుని పైకెక్కుతాడు, వాడూ వీడూ ఇద్దరూ పోతారు. చెరువుల్లో స్నేహితుణ్ని కాపాడబోయి ఇంకొకడు పోయాడని ప్రతి ఎండాకాలం పేపర్లో చదువుతున్నది ఇదే కదా. పూల్ గోడలు తోమే బ్రష్‌కి పొడుగు కర్ర ఉంటుంది చూడండి, బ్రష్ పీకేస్తే అదే అందించే కర్ర. పంప్ రూములో తాళం వేసి పెట్టకండి.

చూపు నేర్పడం: అసలు సంగతి ఇక్కడుంది

న్యూయార్క్‌లో ఆర్చర్డ్ బీచ్ అని ఉంది, అక్కడ పనిచేసిన ఫ్రాంక్ పియా అనే లైఫ్‌గార్డ్ 1970ల మొదట్లో నిజంగా మునుగుతున్నవాళ్లని ఫిల్మ్ తీసి చూశాడు. సినిమాల్లోలాగా చెయ్యి ఊపి కాపాడండి అని అరవరు, అరవలేరు, ఎందుకంటే నోరు పైకి వచ్చిన ఆ క్షణం ఊపిరి పీల్చుకోవడానికే సరిపోదు. చేతులు పక్కలకి చాపి నీళ్లని కిందకి నొక్కుతుంటారు, ఒళ్లు నిలువుగా ఉంటుంది, కాళ్లు ఆడవు. ఇదంతా నీళ్ల పైన 20 నుంచి 60 సెకన్లు, ఆ తర్వాత మునక. బయటినుంచి చూస్తే పిల్లాడు పైకి చూసి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. ఆ ఆదివారం మా పూల్‌లో పిల్లాడు అచ్చం అంతే.

ఆయనే ఇంకో మాట చెప్పాడు, లైఫ్‌గార్డ్ ఉన్న చోట కూడా మనుషులు ఎందుకు పోతారంటే మూడు కారణాలు: గుర్తుపట్టకపోవడం, మధ్యలో వేరే పని నెత్తిన పడటం, ధ్యాస మళ్లడం. రెండోది చదివినప్పుడు నాకు మా వాక్యూమ్ పైపు కళ్ల ముందుకొచ్చింది. ఫోన్ చూస్తే అది వాడి తప్పు. వాక్యూమ్ పట్టించింది మాత్రం మేము.

అందుకని రూలు: పూల్‌లో మనిషి ఉన్నంతసేపు లైఫ్‌గార్డ్ చేతిలో విజిల్, ట్యూబ్ తప్ప ఏమీ ఉండకూడదు. క్లీనింగ్, బ్యాక్‌వాష్ (ఫిల్టర్ కడగడం), క్లోరిన్, టవల్స్, గెస్ట్ రిజిస్టర్, ఫీజు వసూలు ఏదీ వద్దు. పొద్దున పూల్ తెరవకముందు ఎంతైనా చేయించుకోండి. మేనేజర్లు ఒప్పుకోరు, "ఖాళీగా కూర్చుని ఉంటాడు సార్, చూడ్డానికి బాగోదు" అంటారు. ఖాళీగా కనపడటమే వాడి ఉద్యోగం అని చెప్పండి. అరగంటకోసారి మనిషి మారాలి, ఎండలో అంతకన్నా ఎక్కువసేపు ఎవడి చూపూ నిలవదు. ఇద్దరు లేకపోతే గంటకి పది నిమిషాలు పూల్ మొత్తం ఖాళీ చేయించి విశ్రాంతి ఇవ్వండి, పిల్లలు గొణుగుతారు, గొణగనివ్వండి.

కొలమానం కూడా ఒకటి పెట్టుకోండి, పూల్ సేఫ్టీ వాళ్లు వాడే 10/20 రూలు: తన వంతు నీళ్లలో ఇబ్బందిని పది సెకన్లలో కనిపెట్టాలి, ఇంకో ఇరవై సెకన్లలో చేరుకోవాలి. ఇది పాటించాలంటే కుర్చీ ఎక్కడ వెయ్యాలో కూడా తేలిపోతుంది. మా కుర్చీ నీడ కోసం గోడ పక్కన ఉండేది, అక్కడ కూర్చుని చూస్తే సాయంత్రం నాలుగున్నరకి డీప్ వైపు నీళ్లంతా తెల్లగా మెరుపే, అడుగు కనపడదు. కుర్చీని పడమర వైపుకి మార్చి ఒక గొడుగు కొన్నాం. నీళ్లు మసకగా ఉన్నా ఇదే సమస్య, ట్యాంకర్ ఖర్చు అని నీళ్లు మార్చకుండా లాగించే కమ్యూనిటీలు బోలెడు, అడుగున టైల్స్ గీతలు స్పష్టంగా కనపడని రోజు పూల్ మూసెయ్యండి, ఎంత గొప్ప లైఫ్‌గార్డైనా కనపడని మనిషిని కాపాడలేడు.

డ్రిల్: చెప్పకుండా పెట్టాలి

నెలకోసారి పెడతాం. పాత ట్రాక్ ప్యాంటూ టీషర్టూ తీసుకుని లోపల తడి బట్టలు కుక్కి, నడుముకి ప్లేటు కట్టి ఒక బొమ్మ చేశాం, పిల్లలు దానికి డబ్బా మామ అని పేరు పెట్టారు. పూల్‌లో జనం తక్కువ ఉన్నప్పుడు, ఇద్దరు పెద్దవాళ్లకి మాత్రమే ముందే చెప్పి, ఒకరు చప్పుడు లేకుండా దాన్ని నీళ్లలోకి వదుల్తారు. వదిలినవాళ్లే స్టాప్‌వాచ్ నొక్కుతారు. ఇంకో పెద్ద మనిషి ఆ టైములో మిగతా పిల్లల మీద కన్నేసి ఉంచాలి, డ్రిల్ గోలలో నిజంది మిస్సవ్వకూడదు.

మొదటి డ్రిల్‌లో ఎంత పట్టిందో చెప్పనా, ఒక నిమిషం నలభై ఎనిమిది సెకన్లు, అదీ ఒక పాప "అంకుల్, కింద ఎవరో ఉన్నారు" అని చెప్తే. అతను ఏడ్చినంత పని చేశాడు. మేము ఏమీ అనలేదు, జీతం కట్ చెయ్యాలన్న ప్రెసిడెంట్ గారిని కూడా ఆపాం, ఎందుకంటే డ్రిల్‌కి శిక్ష పెడితే రెండో నెల నుంచి వాచ్‌మన్ ద్వారా తేదీ లీకవుతుంది. నాలుగో నెలకి ఇరవై ఆరు సెకన్లు. టైము, తేదీ, ఏం తప్పు జరిగింది అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి, ఈ నోట్‌బుక్కే మీ అసలు సర్టిఫికెట్.

ఊపిరి సంగతి

నీళ్లలోంచి తీశాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టి తలకిందులుగా తిప్పడం, వీపు మీద బాదడం, ఇవన్నీ మన సినిమాలు నేర్పినవి, ఇవి టైము తినేస్తాయి, పైగా కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిలిచినా పలక్కుండా, మామూలుగా ఊపిరి తీసుకోకుండా ఉంటే ముందు నోటితో ఊపిరి ఇవ్వాలి. యూరప్ పద్ధతిలో మొదట ఐదు ఊపిర్లు, అమెరికా పద్ధతిలో రెండు, తర్వాత 30 సార్లు ఛాతీ నొక్కి 2 ఊపిర్లు, అలా ఆపకుండా, దీన్నే సీపీఆర్ అంటారు. నొక్కే వేగం నిమిషానికి 100 నుంచి 120, పెద్దవాళ్లకి కనీసం 5 సెంటీమీటర్ల లోతు, పిల్లలకి ఛాతీ మందంలో మూడో వంతు. మీ లైఫ్‌గార్డుకి ఏ పద్ధతి నేర్పారో దానికే కట్టుబడండి, రెండూ కలిపితే ఆ క్షణంలో తికమక.

ఆఫీసుల్లో గంటలో అయిపోయే సీపీఆర్ సెషన్లు జరుగుతుంటాయి, వాటిలో చాలావరకు ఛాతీ నొక్కడమే చెప్తారు, హఠాత్తుగా గుండె ఆగినవాళ్లకి అది సరే. మునిగినవాళ్లకి గుండె ఆగింది ఆక్సిజన్ అందక, కాబట్టి ఊపిరి లేని సీపీఆర్ సగమే. ట్రైనర్‌ని పిలిచేటప్పుడు ఈ ఒక్క ముక్క అడగండి, "మునక కేసుకి ఊపిరితో చెప్తారా, చిన్నపిల్లల బొమ్మ తెస్తారా" అని. పాకెట్ మాస్క్ ఒకటి కొని లైఫ్‌గార్డ్ ట్యూబ్‌కే కట్టండి, ఎదుటివాళ్ల నోటికి నోరు పెట్టడానికి వెనకాడే ఆ రెండు సెకన్లు మిగులుతాయి. ఏఈడీ (గుండెకి షాక్ ఇచ్చే మిషన్) ఉంటే ఛాతీ తుడిచి పెట్టాలి. ఆరు నెలలు ప్రాక్టీస్ లేకపోతే చేతులు మర్చిపోతాయి, అందుకే మేము ప్రతి డ్రిల్ చివర రెండు నిమిషాలు సీపీఆర్ బొమ్మ మీద నొక్కిస్తాం.

108కి ఎవరు ఫోన్ చెయ్యాలో కూడా ముందే పేరు పెట్టి రాయండి. అందరూ పక్కవాళ్లు చేశారనుకుంటారు. మా దగ్గర గేటు సెక్యూరిటీ చేస్తాడు, ఇంకొకడు మెయిన్ గేటు నుంచి క్లబ్‌హౌస్ దాకా అంబులెన్స్‌కి దారి చూపిస్తాడు, ఎందుకంటే మా లోపలి రోడ్లు ఏ స్విగ్గీ అబ్బాయికీ ఇప్పటిదాకా అర్థం కాలేదు. తెలివి వచ్చినా సరే, ఊపిరి ఇవ్వాల్సి వచ్చిన ప్రతి మనిషీ ఆస్పత్రికి పోవాల్సిందే, ఇంటికి తీసుకెళ్లి పడుకోబెడతాం అంటే ఒప్పుకోవద్దు.

కాంట్రాక్టులో రాయించుకోవాల్సినవి

ఏజెన్సీని మార్చడం కన్నా కాగితం మార్చడం తేలిక. మాది నాలుగు లైన్లు: పంపించే ప్రతి మనిషీ మా నీటి పరీక్ష పాసైతేనే డ్యూటీ, ఎవరైనా సెలవు పెడితే బదులు వచ్చే మనిషికి కూడా ఇదే. నెలకి నాలుగు గంటల ప్రాక్టీస్, అది జీతం ఇచ్చే గంటల్లోనే. పరీక్ష పాసైన మనిషి లేని రోజు పూల్ మూత, మాకు బిల్లు కట్. ఆఖరుది, మేము కట్టే డబ్బులో లైఫ్‌గార్డ్ చేతికి ఎంత వెళ్తుందో చూపించాలి. మేము ఇరవై రెండు వేలు కడుతుంటే అతనికి పద్నాలుగు అందేది, రెండు నెలలు నేర్చుకున్నాక ఇంకో చోట పదహారు అంటే వెళ్లిపోడా మరి, ట్రైనింగ్ మీద పెట్టిందంతా గోదాట్లో కలిసినట్టే. ఇప్పుడు పద్దెనిమిది ఇస్తున్నారు. ఫ్లాటుకి లెక్కేస్తే నెలకి టీ ఖర్చు కూడా కాలేదు, అయినా ఏజీఎంలో (అసోసియేషన్ వార్షిక మీటింగులో) గంటన్నర వాదన.

లేడీస్ బ్యాచ్‌కి మహిళా లైఫ్‌గార్డ్ దొరకడం మాత్రం ఇంకా కష్టంగానే ఉంది. ప్రస్తుతానికి కమ్యూనిటీలోనే ఈత బాగా వచ్చిన ఇద్దరమ్మాయిలకి ఇదే పరీక్ష పెట్టించి గంటకింత అని ఇస్తున్నాం, ఒకమ్మాయి మా లైఫ్‌గార్డ్ టైము కన్నా మూడు సెకన్లు ముందుంది, అతను ఒప్పుకోడు.

ఇక పూల్ గేటు పక్కన పాత సర్టిఫికెట్ తీసేసి ఒక తెల్లబోర్డు పెట్టాం, ఇవాళ డ్యూటీలో ఎవరు, నీటి పరీక్ష ఎప్పుడు పాసయ్యారు, సీపీఆర్ ప్రాక్టీస్ ఎప్పుడు చేశారు, చివరి డ్రిల్ ఎన్ని సెకన్లు. మొన్న శనివారం సీపీఆర్ గడి ఖాళీగా ఉంటే సీ బ్లాక్ ఆవిడ ఇద్దరు పిల్లల్ని గేటు బయటే నిలబెట్టి, నాకు ఫోన్ చేసి "ఇది నింపాకే లోపలికి పంపిస్తా" అంది. లుంగీ మార్చుకుని కిందికి దిగా, అతను బొమ్మ తెచ్చుకున్నాడు, పిల్లలిద్దరూ గట్టుమీద కూర్చుని ముప్పై దాకా గట్టిగా లెక్కపెట్టారు.